డేరా వెనక జనం

మా దాదా, అంటే మా తాత ఖలందర్, డేరా ఖలాసీ. డివిజను దొర, అంటే సబ్ కలెక్టరు, పల్నాడులో క్యాంపుకి బయల్దేరితే, ఒక రోజు ముందే రెండెడ్ల బండి మీద గుంజలు, పగ్గాలు, మేకులు, మడతపెట్టిన కాన్వాసు వేసుకుని దాదా ఊరి బయట తోపులో దిగేవాడు. పొద్దున ఆ తోపులో మేకలు తప్ప ఏమీ ఉండేవి కావట. మధ్యాహ్నానికి అక్కడ సర్కారు ఉండేది. రాజు వచ్చి కూర్చోదగ్గ డేరా, ముందు షామియానా, దాని కింద తివాచీ. మనిషి చూడబోతే నా భుజం దాకా కూడా రాడు. ఆయన చెయ్యి ఊపితే అంత గుడ్డ ఒక్కసారి గాలి పీల్చుకుని లేచేదని విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది. ఎనిమిదో తరగతితో బడికి సలాం కొట్టిన నాకే అట్టా ఉంటే, కాలేజీలో పాఠాలు చెప్పే మనిషికి ఎట్టా ఉంటుందో చూడండి.

ఆ మనిషి పేరు బాలకోటయ్య మేష్టారు. ఊరు మన ఈపూరే, చదివింది మదరాసులో, గుంటూరులో ఉద్యోగం. సర్కారు ఎట్టా నడుస్తుందో పిల్లలకి చెప్పడం ఆయన పని. స్వరాజ్యం వచ్చి రెండేళ్ళు కావస్తోంది. కుర్చీలో తెల్లవాడు పోయి తెలుగువాడు కూర్చున్నాడు, అయినా జనానికి దొర దొరే. మేష్టారి పాఠం కూడా తెల్లవాళ్ళ నాటిదే: శిస్తు ఎట్టా వసూలు చెయ్యాలి, ఊళ్ళని ఎట్టా అదుపులో పెట్టాలి. ఇప్పటి రాజ్యానికి పనికొచ్చే కొత్త పాఠం రాసి యూనివర్సిటీకి పంపాలని, దొరని అడిగి, ఆ ఎండాకాలం ఆయన కూడా క్యాంపు వెంట బయల్దేరాడు.

ఇదంతా దాదాకి ఎవరు చెప్పారు? కళ్ళజోడు పెట్టుకున్నవాడొకడు తిరుగుతున్నాడు, కనిపించిందల్లా రాసుకుంటున్నాడు. ఖలాసీల్లో ఎవరిని ఉంచాలో ఎవరిని పీకాలో తేల్చడానికి పైనించి వచ్చిన ఇనస్పెక్టరు అనుకున్నాడు మా మహానుభావుడు. అనుకోడూ మరి? పాతికేళ్ళకి పైగా డేరాలు వేస్తున్నా ఆయన ఇంకా టెంపరరీనే. పర్మనెంటు అయినవాడికి ఎర్ర పట్టీ మీద ఇత్తడి బిళ్ల ఇచ్చేవాళ్ళు. ఆ బిళ్ల మీద దాదాకి ఉన్నంత మోజు మా దాదీ మీద కూడా లేదని దాదీయే అనేది. ఆయన కాగితం ఆ ఏడు దొర దగ్గరికి వెళ్ళింది. సంతకం పడితే బిళ్ల, పడకపోతే ఇంటికి.

దాంతో కారంపూడి క్యాంపులో మేష్టారిని చెయ్యి పట్టుకుని తిప్పినంత పని చేశాడు. కారంపూడి మా సొంత ఊరు, హుషారుకి అదొక కారణం. డేరా ముఖం ఎప్పుడూ రోడ్డు వైపే పెడతానన్నాడు. దొర కారు దిగితే దుమ్ము అంటకుండా లోపలికి నడవాలి. అర్జీలు తెచ్చిన జనాన్ని వెనక తాడు కట్టి ఆపుతానన్నాడు. వాళ్ళ గోల దొర చెవిన పడకుండా వెనక గుడ్డ రెండు మడతలు వేస్తానని మరీ గర్వంగా చెప్పాడు. మేష్టారు అన్నీ రాసుకుని, కలం ఆపి అడిగాడు.

"వెనక ఏముంటుంది ఖలందర్?"

"వెనకేముంటుంది అయ్యా, జనం."

మేష్టారు ఆ మాట రాసుకోలేదట. కళ్ళజోడు తీసి తుడుచుకుని, తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పాడు. బిళ్ల ఇచ్చేవాడు కాదని తెలిశాక దాదా ముఖం ఎట్టా మాడిపోయి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకుని నవ్వుకున్నాను.

ఆ మధ్యాహ్నమే మా దాదీ చాంద్ బీ జొన్నరొట్టెలు మూటకట్టుకుని వచ్చింది. డేరా ముందుకి వెళ్ళబోతే, బంట్రోతుల మీద పెద్ద, డఫేదారు కొండలు అనేవాడు అడ్డం పడ్డాడు. దొర ముఖం ముందు రొట్టెల మూటలేంది, వెనక్కి పోయి కూర్చోమన్నాడు. చేసేది లేక దాదాయే వెనక్కి వెళ్ళాడు. అన్నేళ్ళు డేరాలు వేసినవాడు, వెనక జనంలో కూర్చుని డేరాని చూడటం అదే మొదటిసారి. తోపు అంచు కావడంతో అక్కడ చెట్టు లేదు. నీడంతా డేరాదే, ఆ పూట అది ముందు వైపు పడింది. ముసలాళ్ళు, చంటిపిల్లల తల్లులు తలమీద గుడ్డ వేసుకుని, అతుకులేసిన కాన్వాసు వంక చూస్తూ కూర్చున్నారు. లోపల మాట ఒక్కటీ వినిపించదు. దొర దగ్గితే మాత్రం అందరూ లేచి నిలబడుతున్నారు, పిలుస్తారేమోనని.

దాదీ రొట్టె చేతికిస్తూ అందట, "బలే కట్టావులే డేరా. ఊపిరి కూడా ఆడటం లేదు."

దాదా రొట్టె సగంలో ఆపేశాడు. దాదీ ఎన్ని మాటలన్నా తిండి ఆపినవాడు కాదు.

రెండో రోజు క్యాంపు గురజాలకి మారింది. ఒక రోజు ముందు పోయే వీలు లేక దాదా రాత్రికి రాత్రే బండి తోలి, తెల్లారేసరికి అక్కడ మేకులు దిగగొట్టేశాడు. కొండలు వచ్చి చూస్తే షామియానా రోడ్డు వైపు లేదు. జనం కూర్చునే మైదానం వైపు ఉంది, తాడు లేదు.

"ఒరేయ్ ఖలందరూ, నీ కాగితం దొర బల్ల మీదుందిరా. తిప్పు దీన్ని."

"దానికి టైం లేదు డఫేదారు గారూ. కారు వస్తా ఉంది."

నిజంగానే కారు వచ్చింది. దొర వెనక గుడ్డ పైకెత్తుకుని, వంగి, దొంగలా డేరాలోకి దూరాల్సి వచ్చింది. దాదా సుత్తి పట్టుకుని ఒక గుంజ పక్కన నిలబడ్డాడు. దొర కుర్చీలో కూర్చుని, కలం తీసి, తలెత్తాడు.

ఎదురుగా జనం. గురజాల జనం, చుట్టుపక్కల పల్లెల జనం, మైదానం చివరిదాకా, అందరూ ఆయన వంకే చూస్తున్నారు. వాళ్ళకీ అది కొత్తే. దొర ముఖం అంత తేటగా ఎన్నడూ చూసి ఉండరు. ఎండలో ఒక చంటిపిల్ల ఏడుపు మాత్రం వినిపిస్తోంది.

దొర లేచి నిలబడ్డాడు.

ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలిసినట్టు లేదంటాడు దాదా. దొర దగ్గితే జనం లేవడం చూశాను గానీ, జనాన్ని చూసి దొర లేవడం నా పుట్టుకలో చూడలేదు అనేవాడు. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు చిన్నదైపోయేది. దొర పక్కనే ఉన్న బాలకోటయ్య మేష్టారు కలం జేబులో పెట్టేశాడట.

డేరాని ఇట్టా ఎవరు తిప్పారని దొర అడిగాడు. దాదా సుత్తి కింద పెట్టి ముందుకొచ్చాడు.

"నేనే అయ్యా."

దొర ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఇంకో షామియానా ఉందా?"

"బండిలో ఉందయ్యా."

"వాళ్ళకి వెయ్యి," అని దొర మొదటి మనిషిని పిలిచాడు. అంతే. భుజం తట్టాడనీ, శభాష్ అన్నాడనీ దాదా తరవాత చేర్చాడు. అదంతా కోతలని దాదీ కొట్టిపారేసేది.

మాచర్ల క్యాంపు ఆఖరి రోజున కాగితం మీద సంతకం పడింది. మేష్టారు రాసిన పాఠాన్ని యూనివర్సిటీ ఒప్పుకుందో, చెత్తబుట్టలో వేసిందో నాకు తెలీదు. మరుసటి ఏడు మాత్రం ఆయన తన విద్యార్థులని కారంపూడి క్యాంపుకి తెచ్చాడు. దొరకి నమస్కారం చేయించడానికి ముందే, ఆ తెల్ల పంట్లాముల పిల్లలని తీసుకెళ్ళి అర్జీల జనం మధ్య నేల మీద కూర్చోబెట్టాడు. పాఠం ఇక్కడ మొదలవుతుందన్నాడు.

ఆ మధ్యాహ్నం దాదీ మళ్ళీ రొట్టెలు తెచ్చింది. దాదా ఛాతీ మీద ఎర్ర పట్టీ, నిమ్మకాయతో తోమిన ఇత్తడి బిళ్ల. ఊరి వాళ్ళకి చూపించుకుందామని గుండె విరుచుకుని జనంలోకి నడిచాడు. బిళ్ల మెరుపు చూసి వాళ్ళు గబగబా లేచారు, చేతికర్ర వెతుక్కుంటున్న ముసలాళ్ళతో సహా.

దాదా ఆగిపోయాడు. పట్టీ తల మీదుగా తీసి, రొట్టెల మూట గుడ్డలో బిళ్ల చుట్టేసి, వాళ్ళ మధ్య కూలబడ్డాడు. కూర్చోండి, రొట్టెలు చల్లారిపోతున్నాయి అన్నాడు.