ఆ కుదుపు ఎవరిది

పోయిన గురువారం పొద్దున మా ఎదురింటి డ్రైవర్ తాత పుట్టపర్తి ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఫోన్ చేసి చెప్పింది ఆయన భార్య, మా అవ్వ లాంటి అవ్వ. ఆమె ఏడవలేదు. "తాత ఇంక రాడు పాపా. నీ డబ్బా ఆపేసుకో" అంది. డబ్బా అంటే నా కంప్యూటర్. అది ఆయన కోసమే తెరిచి పెట్టి ఉంది. నేను ఆపలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా పక్కన దాని ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తాత ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేశాడు. హిందూపురం నుంచి సోమందేపల్లి, పెనుకొండ, చెన్నేకొత్తపల్లి మీదుగా ధర్మవరం. బతుకులో ఎక్కువ భాగం ఆ ఒక్క రోడ్డు మీదే గడిచింది. "ప్యాసింజరు నిద్రపోయినాడంటే అదే మనకు మెడల్" అనేవాడు. రిటైర్ కాకముందే ఎడమచెయ్యి వణకడం మొదలైంది. డ్రైవరుకు ఎడమచెయ్యంటే గేరు చెయ్యి. బస్సు కుదుపుతోందని ఎవరో ఫిర్యాదు చేశారట. ఆయన్ని స్టీరింగు ముందు నుంచి లేపి డిపోలో ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. ముందురోజు తోలి వచ్చిందే తన చివరి సర్వీసని ఆయనకు ఆ పొద్దున తెలిసింది.

"పాత బండి పాపా. క్లచ్ సరిగా పట్టేది కాదు. కుదుపు బండిది, నాది కాదు" అని ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. లోపల నుంచి అవ్వ "ఔలే, బండిదే" అనేది. ఆ "ఔలే"లో నమ్మకం ఎంతో, జాలి ఎంతో నాకు ఎప్పుడూ తెలియలేదు.

నా కంప్యూటర్ ఏదో ఆఫీసువాళ్లు వద్దనుకున్న సన్నటి పెట్టె. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆన్‌లైన్ క్లాసులకని నాయన తక్కువలో చూసి కొనిచ్చాడు. డిగ్రీకి వచ్చాక అందులో ఒక బస్సు ఆట వేసుకున్నాను. ఒక సాయంత్రం తాత కొత్తిమీర ఇవ్వడానికి వచ్చి నా వెనకే నిలబడిపోయాడు.

"అది బస్సేనా?"

"ఔ తాతా. తోల్తావా?"

కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. మీటల మీద వేళ్లు పెట్టాడు. కానీ బస్సు కదల్లేదు.

"పైబాణం నొక్కు తాతా, పోతాది."

"రైట్ చెప్పందే ఎట్ల తీస్తా? కింద ఎవురన్నా ఎక్కుతా ఉంటే?"

నేను నవ్వి "రైట్ రైట్" అన్నాను. అప్పుడు తీశాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకు కండక్టరమ్మను. నేను టీ తాగడానికి లేచిపోతే, తిరిగొచ్చి రైట్ చెప్పేదాకా బస్సు అలాగే ఉండేది.

ఆ ఆటలోది ఏదో చలిదేశం. తాత దానికి మన ఊళ్ల పేర్లు పెట్టుకున్నాడు. బయలుదేరే స్టాండు హిందూపురం, మధ్యలో పెద్ద కొండ పెనుకొండ, చివరి పట్టణం ధర్మవరం. మొదటిసారి తెర మీద మంచు కురిసినప్పుడు అవ్వకు వినిపించేలా కేకేశాడు: "ఏమే, పెనుకొండలో మంచు పడతాండాది! శాలువా కప్పుకో!" అవ్వ ఎదురింటి గుమ్మంలోంచి "ముందు పండ్లు తోముకుని రాపో, మంచంట!" అంది. ఆయన అంతలా నవ్వడం నేను తక్కువసార్లు చూశాను.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. జనం ఉన్న స్టాండులోకి రాగానే తెర మీద బొమ్మ ఒక క్షణం ఆగి, ఒక్కసారిగా ముందుకు దూకింది. ఇంటర్నెట్టులో దీనికి చాలా ఇంగ్లీషు మాటలున్నాయి. తాత అన్న మాటే నాకు సరైనదిగా తోచింది.

"కుదిపింది" అన్నాడు. మీటల మీద నుంచి ఎడమచెయ్యి తీసి, దాన్ని వేరే ఎవరిదో అన్నట్టు చూశాడు. "ఇది నా చెయ్యా, నీ డబ్బానా?"

"డబ్బాదే తాతా."

"అట్ల ఊరికే చెప్పద్దు. డబ్బాను బాగు చెయ్, చూద్దాం."

ఆయనకు కావలసింది ఆట కాదని నాకు అప్పుడు అర్థమైంది. తనంతట తాను కుదపని బండి ఒక్కటి కావాలి. దాని మీద హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఒక్క సర్వీసు చేయాలి. అప్పుడు తెలుస్తుంది, కుదుపు ఎవరిదో.

అలా మొదలుపెట్టాం. లోపల ర్యామ్ ఒక్కటే ఉందని, పక్కన దానికి జత కోసం ఇంకో గాడి ఖాళీగా ఉందని చూపిస్తే "ఇన్నాళ్లూ ఒంటెద్దుకు కాడి కట్టినారా!" అని నొచ్చుకున్నాడు. జత వేశాం. కొంచెం తగ్గింది. పాత హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టాం. ఆట చిటికెలో తెరుచుకునేది. "స్టార్టింగ్ బాగుండాది. రన్నింగ్ అట్లనే ఉండాది" అన్నాడు, సరిగ్గానే. తర్వాత దుమ్ము సంగతి చెప్పాను. ఆయన పెట్టెను ఒళ్లో పెట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆటోలో పంచర్ అంగడికి బయలుదేరాడు, గాలి కొట్టిద్దామని. అంగడాయన చూసి "ఏమప్పా డ్రైవరూ, ఇది ముందు టైరా, ఎనక టైరా?" అన్నాడు. "స్టెప్నీ, కొట్టు" అన్నాడు తాత. ఫ్యాను తిరగకుండా నేను వేలు అడ్డం పెట్టాను. లోపల నుంచి బూడిదరంగు మబ్బు లేచింది. "పాపం, ఊపిరాడక కుదిపింది పాపా" అన్నాడు తాత దగ్గుతూ. ఆ దగ్గును మేమెవరం పట్టించుకోలేదు.

ఇంకా కొంత మిగిలే ఉంది. ఆటలో అద్దాలు ఆపేసి, జనాన్ని తగ్గిస్తే చాలావరకు సాఫీగా నడుస్తుందని చెప్పాను. తాతకు కోపం వచ్చింది.

"అద్దాలు పీకేసి బండి తోలమంటావా? ఎనకాల ఎవుడొస్తాండాడో ఎట్ల తెలుస్తాది? జనం లేకుండా బస్సెందుకు, ఊరేగింపుకా?"

మా నాయన అరుగు మీద నుంచి "ఈ డబ్బాకు ఇంత సింగారం ఎందుకబ్బా మామా" అన్నాడు.

ఒక్కో భాగం మార్చినప్పుడల్లా బండి కుదుపు కొంత తగ్గేది. తగ్గాక మిగిలిన కుదుపులో ఆయన వంతు ఎంత? ఆ మాట ఇద్దరం పైకి అనలేదు. కానీ ప్రతి మార్పు తర్వాత ఆయన మునుపటికంటే నెమ్మదిగా తోలేవాడు, ఎడమచెయ్యిని తొడ కింద పెట్టుకుని. నేను బాగుచేస్తున్నాననుకున్నాను. ఆయనకు మిగిలిన ఒకే ఒక సమాధానాన్ని కొంచెం కొంచెంగా లాక్కుంటున్నానేమో. ఇప్పుడు రాత్రిళ్లు అదే ఆలోచన.

చివరికి తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మిగిలింది. మా సన్నటి పెట్టెలో పట్టేది, దానికి అందే తక్కువ కరెంటుతోనే నడిచేది కావాలి. ధర్మవరంలో పట్టుచీరలకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసే మా అత్త వాళ్ల సెంటర్లో పాతది ఒకటి ఉందని తెలిసింది. నేను బయలుదేరేలోపే తాతకు ఆయాసం ఎక్కువై పుట్టపర్తికి తీసుకెళ్లారు. "చెన్నేకొత్తపల్లి దాటినాక నిద్ర పట్టిందంటే, డ్రైవరు మంచోడని అర్థం" అని ఆటో ఎక్కుతూ చెప్పాడు. కార్డు కోసం ధర్మవరం వెళ్లిన రోజు బస్సులో నాకు నిద్ర పట్టలేదు. ప్రతి కుదుపుకూ డ్రైవరు చేతివైపే చూస్తూ కూర్చున్నాను.

కార్డు సరిగ్గా పట్టింది. ఒకసారి నేనే తోలి చూశాను. మంచు, జనం, అద్దాలు అన్నీ ఉన్నాయి. నీళ్ల మీద ఆకులా వెళ్లింది. మరుసటి రోజే పుట్టపర్తికి వెళ్లాను.

ఆయన ముక్కు మీది గొట్టాన్ని కొంచెం పక్కకు జరిపాడు. "పెట్టినావా?"

"పెట్టినా తాతా. యాడా కుదపలా."

సంతోషిస్తాడనుకున్నాను. కళ్లు మూసుకున్నాడు. దుప్పటి మీద ఎడమచెయ్యి గేరు వెతుకుతున్నట్టు కదులుతూనే ఉంది. కళ్లు తెరవకుండానే అన్నాడు, "అయితే ఇంక కుదిపితే అది నాదే."

మాటలంటే నాకు ఇష్టం. ఎక్కడ మంచి మాట వినబడినా దాచుకుంటాను. ఆ రోజు వాటిలో ఒక్కటీ పనికిరాలేదు. అవ్వే "ఊరుకోబ్బా, గాలి పీల్చు ముందు" అని గొట్టం సర్దింది.

"నేనొచ్చి చూస్తా పాపా. నేనొచ్చేదాకా బండి తీయద్దు."

"రైట్ చెప్పను తాతా" అన్నాను.

కుదుపు బండిదా, ఆయనదా? ఇంక ఎవరూ చెప్పలేరు. తెలుసుకోకుండా పోవడమే మంచిదైందని మా నాయన అంటాడు. నాకు అలా అనిపించదు. ఆయన తెలుసుకోవాలనుకున్నాడు. భయపడుతూనే తెలుసుకోవాలనుకున్నాడు. అన్నీ సిద్ధమయ్యాక ఆయన లేడు. ఈ పెట్టెలో ఇప్పుడు కుదిపే భాగం ఏదీ లేదు. అంతా బాగుంది. ఎవరికోసం బాగుందో చెప్పమంటే చెప్పలేను.

అంత్యక్రియలకు వచ్చినవాళ్లంతా నిన్న వెళ్లిపోయాక అవ్వ మా ఇంటికి వచ్చింది. తెర ముందు ఆయన కుర్చీలో కూర్చోలేదు. పక్కన నిలబడి చూసింది. "ఇదేనా హిందూపురం?" అంది. ఔనన్నాను. ఆమె పైట భుజాల చుట్టూ కప్పుకుని వెళ్లిపోయింది.

తెర మీద హిందూపురం స్టాండులో మంచు కురుస్తోంది. ఇంజను నడుస్తోంది. సీట్లలో జనం కూర్చున్నారు. వైపర్ అద్దాన్ని తుడుస్తుంది, మళ్లీ మంచు కప్పేస్తుంది. ముందు తలుపు తెరిచే ఉంది.