తుడిచేసిన బూడిద

ఆ బుధవారం తెల్లవారుతుండగా నల్లగండ్లలో మా చర్చికి వెళ్లాను. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం మొదటి రోజు. ఫాదర్ నా నుదుటి మీద బూడిదతో సిలువ గీసి, మట్టి నుంచి వచ్చినదానివి మట్టిలోకే పోతావని గుర్తుచేశారు. పూజ కాగానే నేరుగా ఆఫీసుకు వెళ్లాను.

లిఫ్టులో మా టీమ్‌లో టెస్టింగ్ చేసే నార్సింగి అతను కనిపించాడు.

"ఏందక్కా, శివరాత్రి మొన్ననే అయిపాయె కదా?"

"ఇది మా విభూతి బుధవారం, ఉపవాసం. మేం క్రిస్టియన్స్."

"నువ్వా? బొట్టు పెడ్తవ్, పేరు గూడ మా లెక్కనే ఉంటది!"

మా అమ్మమ్మ కూడా బొట్టు పెట్టుకునే చర్చికి వెళ్లేది. ఇంకెన్నాళ్లు ఈ సంజాయిషీ అని విసుగొచ్చింది.

సీట్లో కూర్చున్నానో లేదో పక్క సీటు కాకినాడ ఆవిడ, "అయ్యో, నుదుటి మీద మసి అంటిందండీ" అంటూ తడి టిష్యూతో తుడిచేసింది. ఆపేలోపే అయిపోయింది.

"మసి కాదండీ! చర్చిలో పెట్టారు!" నా గొంతు లేచింది. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు.

ఆవిడ ముఖం చిన్నబోయింది. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పొట్లం తీసింది. "శ్రీశైలం విభూతండీ. ఇదీ బూడిదే కదా, పెట్టనా?"

వద్దన్నాను. ఆవిడ పొట్లం మడిచి లోపల పెట్టేసుకుంది.

ఖాళీ కడుపు, పైగా కోపం. పొద్దున చదివిన సువార్తలో ప్రభువు చెప్పిందేమిటి? ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కో, నలుగురికీ తెలియనీయకు అనే కదా. మరి ఆ కాస్త బూడిద పోయిందని ఎందుకింత రగిలిపోతున్నాను? పశ్చాత్తాపపడటానికి వెళ్లానా, నేనూ ఉన్నానని చూపించుకోవడానికా? కానీ ఇక్కడ కనపడకపోతే నేను లేనట్టే. కనపడితే మసి. ఎటూ తేల్చుకోలేకపోయాను.

మధ్యాహ్నం ఎవరిదో పుట్టినరోజని బిర్యానీ తెప్పించారు. నాకు ప్లేటు అందించబోతుంటే నార్సింగి అతను అడ్డుపడ్డాడు. "అక్క ఇయ్యాల ఒక్కపొద్దు. జర పరేషాన్ చెయ్యకుండ్రి."

కాకినాడ ఆవిడ మెల్లగా నా దగ్గరికి వచ్చి, "ఎన్ని రోజులండీ?" అంది.

"నలభై."

"అయితే అయ్యప్ప మాలలాగేనన్నమాట!"

కాదని చెప్పే ఓపిక లేక తలూపాను.