అతుకులోళ్ల చెయ్యి

మొన్న ఎల్బీనగర్‌లో కళ్ల దవాఖానకు వెళ్లాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి కాగితం చూసి "అతుకుల..." అని పిలిచి, తర్వాతి అక్షరాలు కనబడక ఆగింది. ఆ ఒక్క మాటకే ఇద్దరం లేచి నిలబడ్డాం. నేనొకణ్ని, వెనక వరుసలో ఒక పెద్దావిడ. అరవై రెండేళ్ల నా బతుకులో మా ఇంటిపేరు ఒక్క పిలుపుకు ఇద్దరిని లేపడం అదే మొదటిసారి. "మీరు గూడ అతుకులోళ్లేనా అన్నా? ఏ ఊరు మీది?" అని ఆమె అడిగింది. నేను చెప్పాను, ఆమె చెప్పింది, ఊళ్లు కలవలేదు. ఇంతలో ఆమెను లోపలికి రమ్మన్నారు. నాకు కళ్లలో చుక్కలు వేసి అరగంట మూసుకుని కూర్చోమన్నారు. చేసే పనేమీ లేక కూర్చున్నాను కదా, మా మేనత్త గుర్తొచ్చింది.

మా ఇంటిపేరు విన్నవాళ్లు మొదట నవ్వుతారు. బడిలో నన్ను అసలు పేరుతో పిలిచినవాడు లేడు, అందరికీ నేను 'అతుకుల బొంత'నే. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగిన రోజు మా ఇంటి ఓనరు, గుంటూరాయన, "అదేం ఇంటిపేరండీ బాబూ, ఎక్కడా వినలేదే!" అన్నాడు. నాయిన అదే రోడ్డులో బట్టల దుకాణంలో సేల్స్‌మన్. దుకాణానికి వచ్చినవాళ్లకు ఏది నచ్చుతుందో చిటికెలో కనిపెట్టే మనిషి, ఇంటిపేరు మాటెత్తితే మాత్రం కాలం మరిచిపోయేవాడు. ఓనరును అరుగు మీద కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే మొత్తం ఊడదీయరు. పాత పోగుల కొసలు మగ్గానికి అలాగే ఉంచి, కొత్త పడుగు తెచ్చి, ఒక్కో కొసకు ఒక్కో పోగు కలిపి వేళ్లతో నులిమి అతుకుతారు. ముడి ఉండకూడదు, వేల పోగుల్లో ఒక్కటి తప్పిపోకూడదు. ఆ పని చేసే ఇల్లు పోచంపల్లి దిక్కున మా ఊళ్లో మాదొక్కటే. ఎవరింట్లో పడుగు అయిపోయినా 'అతుకులోళ్లను పిలువుండ్రి' అనేవాళ్లట. అట్లా ఆ పేరు మాకు అంటుకుంది. "మేం లేకుంటే ఊళ్లె మగ్గమే నడువకపోవు" అని నాయిన ముగించేసరికి ఓనరుగారి కాఫీ చల్లారిపోయింది. ఇంతా చెప్పిన నాయిన జన్మలో ఒక్క పోగు అతికి ఎరగడు.

అతికే పని తెలిసిన మనిషి మా ఇంట్లో అత్తమ్మ ఒక్కతే. నాయినకు అక్క. చిన్నప్పుడే పెళ్లయి, ముప్పై దాటకముందే మామయ్య పోతే, తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. నాయినకు ఊహ తెలియకముందే మా నానమ్మ చనిపోయింది, అమ్మ ముఖం ఆయనకు గుర్తులేదు, ఫొటో కూడా లేదు. అందుకని ఇంట్లో ఎంత చిన్న సంగతికైనా "అక్కను అడుగుండ్రి" అనేవాడు. అత్తమ్మ తక్కువ మాట్లాడేది, ఎక్కువ తమలపాకులు నమిలేది.

ఇట్లా ఉండగా మా చెల్లెలికి చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికింది. అక్కడే ఫిజిక్స్ చెప్పే అబ్బాయి ఇంటిపేరూ అతుకులే. హాజరు పట్టీలో పేర్లు పక్కపక్కనే ఉండేవి. పిల్లలందరూ వాళ్లను అన్నాచెల్లెళ్లనుకున్నారు. వాళ్లిద్దరూ అలా అనుకోలేదు. ఏడాది తిరిగేసరికి చెల్లెలు ఇంట్లో చెప్పింది, చేసుకుంటే ఆ అబ్బాయినే చేసుకుంటానని. కులం ఒకటే, ఉద్యోగం ఉంది, ఎల్బీనగర్‌లో సొంత ఇల్లుంది. ఇంకొకరి ఇంట్లో అయితే ఎగిరి గంతేసేవాళ్లు.

నాయిన మాత్రం గుండెలు బాదుకున్నంత పని చేశాడు. "ఇంటిపేరు ఒక్కటైతే దాయాదులు. అన్నాచెల్లెండ్లకు పెండ్లి జేస్తరా ఎక్కడన్న?" అన్నాడు. వాళ్ల ఊరు వేరు కదా అంటే, ఏ తాతో వలస పోయి ఉంటాడన్నాడు. రెడ్డి, శర్మ లాంటి పేరైతే వేలమంది ఉంటారు, ఇట్లాంటి పేరు ఇద్దరికి ఉందంటే ఒక్క నెత్తురే అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గోత్రం కనుక్కుంటే, సరిగ్గా తెలియని ఇళ్లన్నీ చెప్పే జవాబే రెండు ఇళ్లూ చెప్పాయి, దాంతో ఏమీ తేలలేదు. చెల్లెలు ఏడవలేదు, అన్నం మానలేదు. ఒకరోజు మాత్రం "ఈ ఇంటిపేరు నేను పెట్టుకున్ననా నాయినా?" అని అడిగి, బ్యాగు తీసుకుని డ్యూటీకి పోయింది. ఆ రోజు నాయిన దుకాణంలో ఎర్రచీర అడిగినవాళ్లకు పచ్చచీర చూపించాడట.

ఆ ఆదివారం అత్తమ్మ నోట్లో ఆకు తీసి పడేసి, "వాళ్లింట్ల ముసలామె ఉన్నదట గదా. అతుకుడొచ్చేమో చూద్దాం పా తమ్మీ. ఒక్క ఇంటోళ్లమైతే చెయ్యి ఒక్క తీరుగనే పోతది" అంది. ఈ మాట నాయినకు నచ్చింది. పాత చీరల మూటలోంచి అత్తమ్మ రెండు నూలు చిలుకలు, అంటే నూలు చుట్టలు, తీసింది. నాయిన, అత్తమ్మ, నేను ఎల్బీనగర్ బస్సెక్కాం.

అబ్బాయి నానమ్మ ఎనభై దాటిన మనిషి. సంగతి విని పెద్దగా నవ్వింది. "ఎన్నేండ్లాయె గా పని ముట్టక!" అంటూనే కొంగు బిగించింది. పోగుల కొసలను కిటికీ ఊచలకు కట్టారు. వేళ్లకు అద్దుకోవడానికి బూడిద కావాలి. గ్యాసు పొయ్యి ఇంట్లో బూడిద ఎక్కడిది? అబ్బాయి తల్లి దేవుడి గూట్లోంచి అగరుబత్తుల బూడిద గీకి ప్లేట్లో పోసి తెచ్చింది. ఇద్దరు ముసలమ్మలూ పక్కపక్కన కూర్చుని మొదలుపెట్టారు. కళ్లు ఎటో చూస్తున్నాయి, వేళ్లు మాత్రం మిషన్లలా నడుస్తున్నాయి. పని తెలియని నాక్కూడా తేడా తెలిసిపోయింది. అత్తమ్మ పోగును తన వైపుకు నులుముతోంది, ఆమె అవతలికి నులుముతోంది. అత్తమ్మ కుడి అంచు నుంచి వస్తోంది, ఆమె ఎడమ నుంచి.

నాయిన చాలాసేపు అత్తమ్మ వేళ్లనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత "అగో, అది మా అమ్మ చెయ్యి. మా ఇంటి చెయ్యి. వీళ్లు వేరే" అన్నాడు. కళ్లు తుడుచుకుని, పిల్లకు మామగారు కాబోయే ఆయనను అక్కడికక్కడే "బావా" అని పిలిచాడు. మాఘమాసంలో కర్మన్‌ఘాట్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లయింది. పెళ్లయ్యాక సర్టిఫికెట్లలో ఒక్క అక్షరం మార్చుకోనక్కరలేని ఆడపిల్ల మా చుట్టాలలో మా చెల్లెలొక్కతే.

చాలా ఏళ్లకు, మేం బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాక, ఒక మధ్యాహ్నం అత్తమ్మ, నేను చిక్కుడుకాయలు తుంచుతున్నాం. మాటల్లో, నానమ్మ నీకు అతకడం ఏ వయసులో నేర్పింది అని అడిగాను.

"మా అమ్మకు అతుకుడు ఎక్కడ రావాలె బిడ్డా! చూపు తక్కువుండె పాపం, పోగు ముట్టకపోయేది. నాకు నేర్పింది మా అత్త, మీ మామయ్య తల్లి."

అంటే ఆ రోజు ఎల్బీనగర్‌లో నడిచింది మా ఇంటి చెయ్యి కాదు. ఆ అబ్బాయి నానమ్మ కూడా వేరే ఇంటి నుంచి వచ్చిన కోడలే, ఆమె చేతికీ వాళ్ల ఇంటిపేరుకూ సంబంధం ఉండాలని లేదు. పేరు మగవాళ్లది, పని మాత్రం ఆడవాళ్ల చేతుల్లో ఇంటి నుంచి ఇంటికి మారేది. ఇంత చిన్న విషయం నాయినకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

"మరి వాళ్లు, మనం ఒక్కటా కాదా అత్తమ్మా?"

"ఊరికో అతుకులిల్లు ఉంటది, కాకపోవచ్చు. పది తరాల కింద అయితే అయిండొచ్చు. ఎవరికెరుక? పిల్ల సల్లగున్నదా లేదా?"

"నాయినకు చెప్పకపోతివి?"

ఆమె కాయలన్నీ తుంచి, ఈనెలు ఊడ్చి, అప్పుడు చెప్పింది. "వాడు అన్నన్ని దినాలకు అమ్మ చెయ్యి సూసిన అనుకున్నడు. అది కాదురా అని ఎట్ల చెప్పాలె?"

నేనూ చెప్పలేదు. ఆ చెయ్యి సంగతి నాయిన కనబడినవాళ్లందరికీ గర్వంగా చెప్పుకుంటూనే పోయాడు, తర్వాత రెండేళ్లకు అత్తమ్మ పోయింది. ఆయనకు నిజం దాచి తప్పు చేశానేమో అని కొన్నాళ్లు బాధపడ్డాను. ఇప్పుడు ఆయన ఆనాటి వయసు నాకు వచ్చింది, ఆ బాధ లేదు. నిజం చెప్పాల్సిన వేళ, ఒక మనిషి నమ్మకాన్ని అలాగే ఉండనివ్వాల్సిన వేళ వేరువేరని అత్తమ్మకు ఆ ఒక్క పూటలో తెలిసింది, నాకు తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది.