దౌండ్‌లో బ్రేక్ జర్నీ

రైల్వే పాసు చేతిలో ఉన్న మనిషి తిన్నగా ఊరు చేరడు. నాందేడ్ రైల్వే కాలనీలో పుట్టి, అదే కాలనీలో మరో క్వార్టర్‌కు కోడలిగా వెళ్ళినదాన్ని, ఈ మాట నేను గట్టిగానే చెప్పగలను. టిక్కెట్టు కొన్నవాడు ఎక్కాల్సిన చోట ఎక్కి, దిగాల్సిన చోట దిగుతాడు. ఉద్యోగం పేరున పాసు ఊరికే వచ్చినవాడు మాత్రం మధ్యలో ఎక్కడ దిగితే ఏ దేవుడు కలిసొస్తాడా అని చూస్తాడు. దాన్నే బ్రేక్ జర్నీ అంటారు. అది వాడుకోకపోతే పాసు దండగైపోయిందని మా ఇళ్ళలో నిజంగా బాధపడతారు. మా పిన్ని పెళ్ళికి కూడా మేము రెండు గుళ్ళు చూసుకుని, తలంబ్రాలు అయిపోయి విస్తళ్ళు లేస్తుంటే చేరాం.

ఇదంతా తెలిసి కూడా పుణె ప్రయాణం మా ఆయన చేతిలో పెట్టాను చూడండి, నా తలకాయను అనాలి.

పుణెలో పెద్ద టెన్నిస్ టోర్నమెంటు పెట్టారు. బయటి దేశాల నుంచి చాలామంది వచ్చారు కానీ, నాకు కావలసింది ఒక్కడే. సన్నగా ఉంటాడు, జుట్టు ఎప్పుడో రాలిపోయింది, బ్యాక్‌హ్యాండ్ ఒంటి చేత్తో కొడతాడు. పెద్ద కప్పులేవీ గెలవలేదు. నేను కాలనీ ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బులోని మట్టికోర్టులో మా నాన్న చేత తిట్లు తింటూ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ నేర్చుకున్నదాన్ని. అది ఎంత కష్టమో నాకు తెలుసు. పెళ్ళికి ముందు నుంచీ అతని ఆట చూస్తున్నాను, మొదట టీవీలో, ఇప్పుడు ఫోన్‌లో. ఈ ఏటితో మానేస్తున్నానని చెప్పాడు. మళ్ళీ మన దేశం రాడు. మంగళవారం జరిగే మొదటి రౌండ్‌లోనే ఇరవై ఏళ్ళు దాటని ఒక కుర్రాడితో పడింది. ఆ కుర్రాడి సర్వీసు తుపాకీ గుండులా వస్తుంది. కాబట్టి మా వాడు ఆ మంగళవారమే ఇంటిదారి పడతాడని నాకు ముందే తెలుసు. అంటే నాకున్నది ఆ ఒక్క మంగళవారం. ఒకే ఒక్కసారి అతను నా కళ్ళముందు ఆ షాట్ కొట్టగా చూడాలి. ఇంకేం అడగలేదు నేను.

మా ఆయన పని కంట్రోల్ ఆఫీసులో. ఏ బండి ఎక్కడ ఆగింది, ఎంత ఆలస్యం, రోజంతా అదే లెక్క. పాసు మీద రిజర్వేషన్ తనే చూసుకుంటానన్నాడు. మా అత్త పేరు కూడా పాసులో ఉంది గనక ఆమె కూడా వస్తుందన్నాడు. టెన్నిస్‌కు ఆవిడెందుకని అడిగితే, పుణె చూడలేదు పాపం అన్నాడు. సరేనన్నాను. అప్పుడే అనుమానం రావాల్సింది.

తెల్లారుతుండగా భుజం పట్టి కుదిపాడు. కళ్ళు తెరిచేసరికి బ్యాగు అతని చేతిలో ఉంది, మా అత్త అప్పటికే తలుపు దగ్గర నిలబడింది.

"పుణె అచ్చిందా?" అన్నాను.

"దౌండ్. దిగు జల్ది, బండి కదుల్తది."

దిగాక గానీ సంగతి చెప్పలేదు. రిజర్వేషనే పుణెకు ముందొచ్చే దౌండ్ దాకా చేయించాడట. అక్కడికి దగ్గర్లో సిద్ధటేక్ గణపతి గుడి. మా అత్తకు ఎప్పటిదో మొక్కు. పైగా ఆ రోజు అంగారకి, అంటే సంకష్ట చవితి మంగళవారం నాడు పడింది. అలాంటి రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందో అని తల్లీ కొడుకులు వారం కిందే మాట్లాడుకున్నారు. నాకు చెబితే గొడవ చేస్తానని చెప్పలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు. ప్లాట్‌ఫారం మీదే అరిచేశాను. చాయ్ అమ్మేవాడు కూడా తిరిగి చూశాడు.

మా వాడి మ్యాచ్ వరసలో మూడోది. టెన్నిస్‌లో మ్యాచ్‌కు టైం ఉండదు, ముందున్నవి అయిపోగానే మొదలవుతుంది, అవి తొందరగా ముగిస్తే ఇది కూడా తొందరగానే పడుతుంది. ఈ ముక్క ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. అక్కడ మళ్ళీ చెప్పాను. మా ఆయన నవ్వాడు.

"ఇన్నేండ్ల సంది బండ్లు నడిపిస్తున్న. లేటయింది మస్తు చూసిన గానీ, టైంకు ముందల అయింది ఏదీ చూడలే. నీ బట్టతలోని మ్యాచ్ సాయంత్రమే అయితది, రాసిపెట్టుకో."

ఆ ధీమా చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది. అత్త పక్కనుంది కాబట్టి పళ్ళు కొరుక్కుని గుడికి పోయే జీపెక్కాను.

గుడి దగ్గర జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. అంగారకి అంటే అంతే మరి. కట్టెలు కట్టిన వరసల్లో మెలికలు తిరుగుతూ నిలబడ్డాం. మా అత్త ముందున్న మరాఠీ ఆవిడతో వడపప్పులా మాటలు నములుతోంది. కోడలికి కూడా దేవుడంటే భక్తి అని చెబుతోంది. మా ఆయన కట్టెకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. నేను ఫోన్ చూస్తూనే ఉన్నాను. మొదటి మ్యాచ్ చకచకా అయిపోయింది. రెండోదాంట్లో ఒకడు మడమ బెణికి, సగంలోనే చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. సూర్యుడింకా నడినెత్తికి రాలేదు, తర్వాతి మ్యాచ్ అని మా వాడి పేరు పడింది.

మా ఆయన్ను లేపి ఫోన్ ముఖానికి పెట్టాను. చూసి ఫోన్ పక్కకు జరిపాడు. ఇంత దూరం వచ్చి దర్శనం కాకుండా ఎట్లా, కొంచెం ఓపిక పట్టమన్నాడు. నేను వంగి కట్టె కింద నుంచి బయటికొచ్చాను. వరస కాసే మనిషి "మావషీ, రాంగ సోడూ నకా" అన్నాడు. పిన్నీ, వరస వదలొద్దు అంటున్నాడు, వదిలితే మళ్ళీ రానివ్వరట. ఎవరికి కావాలి నీ వరస అని తెలుగులోనే అని, జీపుల దగ్గరికి పరిగెత్తాను.

పాసు మా ఆయన జేబులో ఉంది. దౌండ్ స్టేషన్‌లో కౌంటర్ ముందు నిలబడి టిక్కెట్టు కొన్నాను, బతుకులో మొదటిసారి. జనరల్ పెట్టెలో తలుపు దగ్గర నిలబడి ఫోన్‌లో స్కోరు చూస్తూ పోయాను. మొదటి సెట్ పోయింది. రెండోది సమంగా నడుస్తోంది. పుణె స్టేషన్ బయట ఆటో అతన్ని ఎంత తొందరపెట్టానంటే, మావషీ, మీవాళ్ళెవరైనా ఆసుపత్రిలో ఉన్నారా అని అడిగాడు. అవునన్నాను.

గేటు లోపలికి పోయి మెట్లెక్కేసరికి కోర్టులో వేరే ఇద్దరు ఆడటానికి సిద్ధమవుతున్నారు. పక్క సీటులో టోపీ పెట్టుకున్న పుణె ఆవిడ అడక్కుండానే అంతా చెప్పింది. ఆఖరి పాయింటు కాగానే అందరూ లేచి నిలబడ్డారట. అతను మైకు పట్టుకుని మాట్లాడలేక ఏడ్చేశాడట. అయ్యో, ఒక్క పావుగంట ముందు రావాల్సింది అంది. నాకు ఆవిడను కూడా కొట్టాలనిపించింది. కూర్చుని, ఎవరో తెలియని ఆ ఇద్దరి ఆట చూస్తూ కళ్ళు తుడుచుకున్నాను. ఏడుపు ఆగలేదు.

సాయంత్రం గేటు బయట ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. మా అత్త నా నుదుట కుంకుమ పెట్టి, నీ పేరు మీద కూడా దండం పెట్టాను బిడ్డా అంది. మా ఆయన నా ముఖం చూడకుండా అడిగాడు, ఏమైంది అని.

"ఓడిపోయిండు. నేనచ్చేసరికి అయిపోయింది," అన్నాను.

అతని ముఖంలో కాస్త వెలుగొచ్చింది. బరువు దిగిన మనిషిలా బ్యాగు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"ఓడిపోయిండా? గట్లయితే చూడకపోవుడే మంచిగయింది. చూసుంటే ఇంకింత బాధయ్యేది."

"ఓడిపోయేది చూడనీకే అచ్చిన నేను."

అతను తల్లివైపు తిరిగాడు.

"పొద్దటిసంది ఏం తినలేదు గావచ్చు," అన్నాడు. "ముందల దీనికి ఏమన్న తినిపియ్యాలె."