గంజి పెట్టిన కట్టు

నేను దయ్యాలను నమ్మినవాడిని కాను, నేటికీ నమ్మను. అయినా ఒక రిజిస్టరులో నా చేతితో రాసిన అబద్ధం అలాగే ఉంది. దాని కారణం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కనుక ఇది రాస్తున్నాను.

పుండ్లకు కట్లు కట్టే డ్రెస్సరుగా పదవీ విరమణ చేశాక, నల్లగొండ వైపు ఒక దవాఖానలో మానని కాలిపుండ్ల మీద జరిగిన పరిశోధనలో పనిచేశాను. యాంటీబయాటిక్ మాత్రలు ఎన్ని రోజులు వాడితే చాలునో తేల్చడం దాని ఉద్దేశం. కట్లు కట్టడం, చూసింది చూసినట్టు నమోదు చేయడం నా బాధ్యత.

మల్లయ్య నేతపనివాడు, మధుమేహ రోగి. మగ్గం గుంట అంచు తగిలి మడమ మీద పుండయింది. ఈసారి మానకపోతే పాదం తీసేయాలని డాక్టరు చెప్పారు. అతని భార్య లక్ష్మమ్మ ఇంట్లో కట్టుగుడ్డ విప్పి ఉతికి, నూలుకు పెట్టినట్టే గంజి పెట్టి, ఆరబెట్టి మళ్లీ చుట్టేది. నేను మందలించాను.

"గంజి లేకుంటె పోగు నిలువదు సారూ. సదువుకున్నోళ్లకు గంజంటె తాగుడే ఎరుక" అన్నది.

వరుసలో ఉన్నవారు నవ్వారు. మరోసారి గంజి కనిపిస్తే పరిశోధనలోంచి మల్లయ్య పేరు కొట్టివేస్తానన్నాను.

"గట్లనకు సారూ. ఆయన కాలు పోతది" అన్నది, నవ్వు మానేసి.

ఆ నెలలోనే ఆమె గుండెపోటుతో పోయింది. ఇంట్లో చూసేవారు లేక మల్లయ్యను వార్డులో చేర్చుకున్నాం.

ఒక సోమవారం ఉదయం, మూసి ఉన్న పొట్లం చించి కొత్త గాజ్ గుడ్డతో కట్టు కట్టాను. అంచున పట్టీ అంటించి, దాని మీద అడ్డంగా సంతకం చేశాను. ఎవరైనా విప్పితే తెలియడానికి అది నా పద్ధతి. గురువారం పదకొండు గంటలకు చూస్తే సంతకం చెదరలేదు. పట్టీ కత్తిరించి విప్పాను. గుడ్డ బిరుసుగా ఉంది. చీము ఎండినా గుడ్డ బిరుసెక్కుతుంది. కానీ ఇది పైపొర నుంచి లోపలి పొర దాకా తెల్లగా, ఒకే తీరుగా ఉంది. వాసన చూశాను. గంజి.

మల్లయ్య పడుకున్నచోటు నుంచే చేయి చాపి దాన్ని తడిమాడు.

"జర పలచగనే పెట్టింది సారూ. మీరు కోపం జేసిండ్రని."

పుండు మానుతున్నది. ఉన్నది రాస్తే, నా మాట ప్రకారమే అతని పేరు కొట్టివేయాలి. "కట్టులో మార్పు లేదు" అని రాసి సంతకం చేశాను.

అతని పాదం నిలిచింది. ఆ గాజ్ పొట్లం వచ్చిన పెట్టెలోని మిగతా పొట్లాలన్నీ చించి చూశాను. అన్నీ మెత్తగానే ఉన్నాయి. కారణం నాకు ఇప్పటికీ తెలియదు. వెతికి వెతికి అలసిపోయాను.

గుడ్డ సంగతి, గంజి సంగతి నాకంటే తెలిసినవారు ఇందులోని తప్పులు దిద్దండి. రిజిస్టరులోని ఆ గడిలో నేనేమి రాసి ఉండవలసిందో అదీ చెప్పండి.