దుంగ కింద పది నిమిషాలు

మా కట్టెల మిల్లు తనకల్లు దాటాక రోడ్డు పక్కనే ఉంది. మా నాయన నడిపిన రోజుల్లో ఆయనను అందరూ శెట్టీ అని పిలిచేవారు. నేను గల్లాపెట్టె ముందు కూర్చున్నాక నన్ను సారూ అనడం మొదలుపెట్టారు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఎవరైనా తాయెత్తు కట్టుకుని కనబడితే అది వట్టి మూఢనమ్మకమని అరగంటకు తగ్గకుండా చెప్తానని ఆ పేరు వచ్చింది. కొత్తగా చేరిన హమాలీలకు పాతవాళ్ళు ముందే చెప్పి ఉంచేవారట, సారు దగ్గరికి పోయేటప్పుడు మెడలో తాడు చొక్కా లోపలికి తోసుకోమని.

రోడ్డు వెడల్పు చేసిన ఏడాది పాత చింతచెట్లన్నీ కొట్టేశారు. వానలు మొహం చాటేసే ఈ నేల మీద అవి అంత లావు ఎలా ఎదిగాయో తెలియదు. ఎనిమిది మంది మోకులు వేసి లాగినా కదలని దుంగలు మా మిల్లు ముందు వచ్చి పడ్డాయి. ఆ దుంగల కిందే మా మేస్త్రీ నడుము పోయింది.

మేస్త్రీ అంటే హమాలీల గుంపుకు పెద్ద. మా నాయన కాలం మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఇంకోసారి బరువు ఎత్తితే మంచం దిగవని కదిరిలో డాక్టరు చెప్పాడు. హమాలీల పద్ధతేమో భుజం పెట్టినవాడికే కూలిలో భాగం. వారం రోజులు ఆయన షెడ్డు నీడలో కూర్చుని మిగతావాళ్ళకు కేకలు వేస్తూ పని చేయించాడు. ఎనిమిదో రోజు కేక కూడా మానేశాడు. ఎందుకని అడిగితే, "కేకకు భాగం లేదు గదప్పా" అన్నాడు.

ఎత్తే మిషన్ ఒకటి తయారు చేయాలని అప్పుడే అనుకున్నాను. మిషన్ ఉంటే లివరు పట్టుకునేవాడు కావాలి, దానికి నడుముతో పనిలేదు. ఇందులో మేస్త్రీ మీద జాలి సగమైతే, మనిషి బుద్ధి మీద నాకున్న గర్వం సగం. ఆ రెండో సగమే పని చెడగొట్టబోయింది.

కదిరిలో బోరుబండ్లు, ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్ ఒకడు నాకు స్నేహితుడు. పాత సామాను గుట్టల్లో వెతికి ఒక్కొక్కటే తెచ్చాడు. మట్టి టిప్పరు తొట్టిని పైకి లేపే జాకీ, ఏదో ట్రాక్టరుది ఆయిల్ పంపు, విరిగిపోయిన జేసీబీది లివర్ల పెట్టె. దుంగను వేలాడదీసే పొడుగాటి ఇనుప చెయ్యి మాత్రం ఒక బోరుబండి స్తంభం. ఆ బండిని నేను ఎరుగుదును. మా చేలోనే మూడు చోట్ల దిగి మూడింటిలోనూ పొడి దుమ్మే తీసింది. అరచేతిలో టెంకాయ లేచి నిలబడిన చోటల్లా నీళ్ళున్నాయని నమ్మే మా నాయన దాన్ని పిలిపించాడు. పాపం, కంటికి కనబడే వస్తువు కోసం పనిచేయడం ఆ ఇనుముకు ఇదే మొదటిసారని నేను మెకానిక్‌తో అన్నాను.

"ఇనుముకేం తెల్సన్నా, యాడ పెడితే ఆడ ఉంటాది" అన్నాడతను వెల్డింగ్ చేసుకుంటూ.

రెండు నెలలకు మిషన్ లేచి నిలబడింది. మొదటి దుంగ ఎత్తే రోజు పొద్దున్నే హమాలీలు గుమ్మడికాయ, కర్పూరం, డజను నిమ్మకాయలు పట్టుకుని వచ్చారు. నేను చేతులు అడ్డం పెట్టాను. నూనెను పైపులో బిగించి తోస్తే అది ఎటు పోతుంది, ఎందుకు బరువు లేపుతుంది, అంతా వివరించాను. నూనెకు నిమ్మకాయ సంగతి తెలియదని ముగించాను.

"నూనెకు తెలీకపోతే ఏమప్పా, మాకు తెల్సు గదా" అన్నాడు మేస్త్రీ.

అందరూ మర్యాదగా విన్నారు. దుంగకు గొలుసు తగిలించడానికి మాత్రం ఒక్కరూ కదల్లేదు. ఈ మిషన్ నడిస్తే మేస్త్రీకి పని ఉంటుంది, లేకపోతే ఇంటికి పోవాలి. అది అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆయనా కదల్లేదు.

నాకు పౌరుషం వచ్చింది. కాలేజీ రోజుల్లో మా హేతువాద మిత్రులం జనం ముందు నిప్పుల గుండం తొక్కాం. గబగబా నడిస్తే ఎవరి కాళ్ళూ కాలవని, అందులో మహిమ లేదని చూపించాం. ఆ చప్పట్లు చెవుల్లో ఇంకా ఉన్నట్టున్నాయి.

గొలుసులు నేనే తగిలించాను. "దుంగను పైకి లేపి ఇంజిన్ ఆపు. దాని కింద పది నిమిషాలు నిలబడతాను" అన్నాను మెకానిక్‌తో.

"అంత అవసరమా అన్నా? జాకీ పాతది" అన్నాడు.

"సందేహాలేవైనా ఉంటే చివర్లో" అని అందరికీ కలిపి చెప్పాను.

దుంగ లేచింది. ఇంజిన్ ఆగింది. చింతదుంగ నా తల మీద, నేను దాని నీడలో. ఊరికే నిలబడటం నాకు చేతకాదు కనుక మాట్లాడాను. భయం ఎలా పుడుతుందో, దాన్ని ఎవరు అమ్ముకుంటారో చెప్పాను. ఎవరూ నా మొహం చూడటం లేదు, అందరి కళ్ళూ పైకే ఉన్నాయి. అది మిషన్ మీద గౌరవమనుకున్నాను. మధ్యలో మేస్త్రీ ఒకసారి చెయ్యెత్తాడు. ఆగమన్నట్టు సైగ చేసి కొనసాగించాను.

పది నిమిషాలు అయ్యాయి. బయటికి వచ్చి ఇక అడగమన్నాను. మేస్త్రీ చేతిలో దుంగలు కొలిచే వెదురు బద్ద ఉంది. దాని మీద సుద్దతో రెండు గీతలు గీసి ఉన్నాయి.

"లేపినప్పుడు దుంగ ఈడ ఉన్నింది" అంటూ పై గీత చూపించాడు. "ఇప్పుడు ఈడ ఉండాది."

రెండిటికీ మధ్య జానెడు దూరం.

"నిదానంగా దిగతాండాది సారూ. మీరు ఇంగో అరగంట చెప్పింటే మీ నెత్తిన కూచునుండు."

"ముందే చెప్పకూడదా?"

"చెయ్యెత్తితి గదా. చివర్లో అడగమంటిరి."

హమాలీలు తలలు పక్కకు తిప్పుకుని నవ్వారు. మెకానిక్ జాకీని తడిమి చూశాడు. లోపల సీలు అరిగిపోయి నూనె అటు నుంచి ఇటు జారుతోందన్నాడు.

నా పట్టు నేను వదల్లేదు. ఎంతైనా పడలేదు కదా అన్నాను. మేస్త్రీ నా వైపు జాలిగా చూశాడు.

"మీరు ఒకతూరి నిలబడితిరి, పడల్యా. మేము ముప్పై ఏండ్లుగా లారీలకు నిమ్మకాయలు కడతాండాము, అవీ పడల్యా. మీది ఎట్ల సాక్ష్యము, మాది ఎట్ల కాదు?"

ఎన్నో వేదికల మీద ఎందరితోనో వాదించినవాణ్ణి. ఆ పొద్దు మెకానిక్ వైపు తిరిగి కొత్త సీలు ఎంతవుతుందని అడిగాను. గుండం తొక్కి నేను ఎగతాళి చేసిన పరీక్షనే, గుండం బదులు దుంగ పెట్టి నేనే మళ్ళీ జరిపించాను. కొలబద్ద పట్టుకున్నవాడు మాత్రం నిమ్మకాయలు తెచ్చినవాడే.

సీలు మార్చాం. పైపు పగిలినా బరువు కిందపడకుండా పట్టి ఉంచే వాల్వు ఒకటి మెకానిక్ బిగించాడు. పరీక్ష ఎలా చేయాలో ఈసారి మేస్త్రీ చెప్పాడు. అన్నిటికంటే లావు దుంగను పొద్దున లేపి, మధ్యాహ్నం అన్నాల వేళ వరకు వేలాడదీయాలి. దగ్గరికి ఎవరూ పోకూడదు. బద్ద పక్కన నిలిపి గంటకొకసారి దూరం నుంచి చూడాలి. ఇట్లా మూడు రోజులు. ఆ చూసే పని నాకు అప్పగించాడు, మాట్లాడకూడదన్న షరతు మీద. మూడు రోజులూ సుద్దగీత కదల్లేదు.

నాలుగో రోజు ఆయన సున్నం బుట్ట తెచ్చి, ఇనుప చెయ్యి తిరిగేంత మేర నేల మీద గుండ్రంగా గీత గీశాడు. బరువు పైన ఉన్నప్పుడు ఎవరూ గీత లోపలికి రాకూడదన్నాడు. కొత్త సీలు, కొత్త వాల్వు ఉండగా ఇదెందుకని అడిగాను. "తెగేది ఏదో మనకు ముందే తెలీదు గదప్పా" అన్నాడు. తరువాత కొక్కేనికి ఒక నిమ్మకాయ కట్టి నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆయన గీత బయట లివర్ల ముందు పాత ట్రాక్టరు సీటు మీద కూర్చున్నాడు. భుజం పెట్టకపోయినా ఆయన భాగం ఆయనకు ఇవ్వాలని గుంపు వాళ్ళే అనుకున్నారు.

రెండు నెలలు సాఫీగా నడిచింది. ఒకరోజు ఎండ బాగా ఎక్కిన వేళ, పైన వేలాడుతున్న దుంగకు కట్టిన రెండు గొలుసుల్లో ఒకటి తెగింది. అన్నీ మార్చాం కానీ బోరుబండితో పాటు వచ్చిన ఆ గొలుసులు ఎవరికీ గుర్తుకు రాలేదు. దుంగ ఒక కొన దబ్బున నేలను తాకింది. గీత లోపల పురుగు కూడా లేదు. కొక్కెం నుంచి ఊడి పడ్డ ఆ వారం నిమ్మకాయ మాత్రం దుంగ కింద నలిగిపోయింది.

"మన కీడు నిమ్మకాయ తీసుకునింది" అన్నాడు ఒక హమాలీ.

అది విని ఊరుకోలేకపోయాను. మిమ్మల్ని కాపాడింది నిమ్మకాయ కాదు, సున్నం గీత అన్నాను. తెగిన గొలుసు దగ్గరికి పోయి, అరిగిన లింకును చేతిలోకి తీసుకుని, ఇదిగో కారణం అని చూపించబోయాను.

"సారూ, ముందు గీత బయటికి రాండి" అన్నాడు మేస్త్రీ సీటు మీద నుంచి. లివరు మీద చెయ్యి తీయలేదు. "ఆ కొన ఇంగా పైనే ఉండాది."

తలెత్తి చూశాను. ఉంది. బయటికి వచ్చాను. ఆయన లివరు కొద్దికొద్దిగా వంచి రెండో కొనను కూడా నేలకు ఆనించి, ఇంజిన్ ఆపాడు.

"ఇప్పుడు చెప్పండి" అన్నాడు.

నేను కొత్త గొలుసుల కోసం కదిరికి బయలుదేరాను.