పొడుగు చేతుల రవిక

కొలతలు తీసేటప్పుడు కౌసల్యమ్మ ఎవరి ముఖమూ చూడదు. టేపు తగిలితే ఒళ్లు ఎక్కడ ముడుచుకుంటుందో చూస్తుంది. శంషాబాద్‌లో ఉన్నప్పుడు, పక్క వాటాలోని భాగ్యలక్ష్మి ఎండాకాలంలోనూ రవిక చేతులు మణికట్టు దాకా పెట్టించుకునేది. "నాకు సలి ఎక్కువక్కా," అనేది. చివరికి మొగుడి మీద కేసు పెట్టి, కౌసల్యమ్మను సాక్ష్యం చెప్పమంది. ఆ రెండు వాటాలూ భాగ్యలక్ష్మి అత్తవే. "కోర్టుకు పోయినవంటే అర్ర ఖాళీ చెయ్యాలె," అన్నది ముసలామె. సాక్షిని బెదిరించకూడదనీ, జడ్జికి చెప్పుకునే హక్కు ఉందనీ వకీలు ధైర్యం చెప్పాడు. "చెప్తె జడ్జిసారు కిరాయికి అర్ర సూపిస్తడా?" అని అడిగింది కౌసల్యమ్మ. అయినా వెళ్లింది. మెడలో టేపుతోనే బోనెక్కి, భాగ్యలక్ష్మి చేతుల మీద తాను చూసిన కమిలిన మచ్చలన్నీ చెప్పింది. తిరిగి వచ్చేసరికి కుట్టుమిషన్ వీధిలో ఉంది.

మిషన్‌ను కొత్వాల్‌గూడకు మార్చుకుంది. భాగ్యలక్ష్మి రాజీపడి మొగుడి దగ్గరికే పోయిందని అక్కడే విన్నది. దసరా ముందు ఆమె రవిక గుడ్డతో వచ్చింది. మొగుడు బయట బండి మీదే కూర్చున్నాడు. "నీ కుట్టే నాకు కుదురుతది అక్కా," అంది. టేపు తగలగానే ఆమె భుజం ముడుచుకుంది.

"ఇంకా సలి పెడుతనే ఉన్నదా?"

భాగ్యలక్ష్మి బండి వైపు చూసింది. కౌసల్యమ్మ మణికట్టు దాకా కొలిచింది.